బ్రేకు తొక్కితే వణికే బండి

యింట్లో పెద్దవారికి వొళ్లు వణికితే మనం వెంటనే మాత్ర మింగించం. జ్వరమా, నీరసమా, రాత్రి భోజనం మానేశారా అని ముందు అడుగుతాం. నుదుటిమీద చెయ్యిపెట్టి చూస్తాం. ఆ తరవాతనే మందు. యింటి బండి వణికితే మాత్రం యీ వరస తలకిందులవుతుంది. "డిస్కులు వంగిపోయాయండి, మార్చెయ్యాలి" అని షెడ్డులో ఎవరో అంటారు. మనం డబ్బు తీసి యిస్తాం. ఆ రెండిటి మధ్య పరీక్ష అన్నది వుండదు. డిస్కులు మార్చిన ఆరు నెలలకు మళ్లీ అదే వణుకు వస్తే, యీ బండి జాతకమే యింతని సరిపెట్టుకుంటాం.

యానాంలో యిప్పుడు పెద్ద బండి లేని వీధి అరుదు. ఎస్‌యూవీ అని వాడుకగా పిలిచే యీ బళ్లు మన కుటుంబాలకు బాగా అమిరాయి. తాతగారు ఎక్కి కూర్చోవడానికి ఎత్తు సరిపోతుంది. మామ్మగారి మడిసంచీ, ఆవకాయ జాడీ, పిల్లల పెట్టెలు అన్నీ వెనక పడతాయి. ద్రాక్షారామం వెళ్లినా, అన్నవరంలో వ్రతం చేసుకున్నా, తిరుమల మొక్కు తీర్చుకున్నా యింటిల్లిపాదీ ఒక్క బండిలోనే. అంటే మూడు తరాల ప్రాణాలు ఒక్క పెడలు మీద ఆధారపడి వున్నాయన్న మాట. ఆ పెడలు తొక్కినప్పుడు స్టీరింగు చేతుల్లో వణకసాగితే దాన్ని చిన్న సంగతిగా తీసిపారెయ్యకూడదు. అట్లా అని బెదిరిపోయి చేతికందిన సామానల్లా మార్పించనూ కూడదు. వణుకు ఎక్కడినుంచి వస్తున్నదో కనుక్కొని, కొలిచి చూసి, అప్పుడు ఖర్చు పెట్టాలి. యీ నెల మేము చెప్పదలచుకున్నది యింతే. ఎందుకో, ఎట్లాగో కాస్త వివరంగా చెబుతాం.

ముందు బ్రేకు చేసే పని తెలియాలి. చక్రం వెనక పోత యినుముతో చేసిన పళ్లెం వంటిది ఒకటి వుంటుంది. అదే డిస్కు. చక్రంతోపాటు అదీ తిరుగుతుంది. దానికి అటొకటి యిటొకటి ప్యాడ్లు. ఆ ప్యాడ్లను పట్టుకుని వుండే పట్టకారు వంటి పనిముట్టు క్యాలిపరు. మనం పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు వొత్తిడివల్ల ప్యాడ్లు డిస్కును రెండు వైపులా నొక్కి పడతాయి. బండి వేగమంతా ఆ రాపిడిలో వేడిగా మారిపోతుంది. ఆ వేడి ఎంతంటే, మనుషులతో కలిపి రెండువేల కిలోల బరువున్న బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంలోంచి ఆగినప్పుడు పుట్టే వేడితో లీటరున్నర నీళ్లు మరగబెట్టుకోవచ్చు. అదే బండి తిరుమల కొండ దిగిందనుకోండి. సుమారు 700 మీటర్ల ఎత్తునుంచి దిగుతుంది కనుక ఆ బరువులో దాగివున్న శక్తి నలభై అయిదు లీటర్ల నీటిని మరిగించగలదు. తక్కువ గేరులో దిగితే అందులో కొంత భాగాన్ని ఇంజను మోస్తుంది. న్యూట్రల్లో పెట్టి బ్రేకు మీదనే దిగేవారు దాదాపు ఆ భారమంతటినీ ఆ నాలుగు పళ్లేల మీద పెడుతున్నారు.

డిస్కు బ్రేకు నిన్న మొన్నటిది కాదు. లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వారు గెలిచాక లోకం దానివైపు తిరిగి చూసింది. మన యానాం ఫ్రెంచివారి చేతినుంచి బయటపడింది 1954లో. ఆ మరుసటి ఏడే, 1955 అక్టోబరులో, పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచివారు ముందు చక్రాలకు డిస్కులున్న సిట్రోయెన్ డీఎస్ కారును జనం ముందు పెట్టారు. మన రోడ్లమీద చాలాకాలం తిరిగిన అంబాసడర్లకు తొలినాళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. యివాళ కుటుంబాలవారు వాడే బళ్లకు ముందు డిస్కులు తప్పకుండా వుంటాయి. వెనక కొన్నిటికి డిస్కులు, చాలావాటికి డ్రమ్ములు.

యిక పరీక్ష సంగతి. దీనికి పనిముట్లు అక్కర్లేదు. కాస్త ఓపిక, ఖాళీ రోడ్డు వుంటే చాలు.

మొదటి ప్రశ్న: వణుకు ఎప్పుడు? బ్రేకు ముట్టకుండానే, ఒక వేగం దాటగానే బండి వణికితే ఆ తప్పు సాధారణంగా బ్రేకులది కాదు. టైరు వుబ్బినా, రిమ్ము వంగినా, బ్యాలెన్సు తప్పినా అట్లా జరుగుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికి, కాలు తియ్యగానే ఆగిపోతే అది మనం చెప్పుకుంటున్న వ్యాధి.

యిక్కడ ఒక జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. తడిరోడ్డు మీదనో, యిసక మీదనో గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు పట్టేసి జారిపోకుండా ఆ యంత్రం బ్రేకును క్షణానికి అనేకసార్లు వదిలి పడుతుంది. అప్పుడు పెడలు కాలికింద గడగడ కొట్టుకుంటుంది. అది రోగం కాదు, రక్షణ. దానికి బెదిరి కాలు తియ్యకూడదు. అట్లాగే తొక్కి వుంచాలి. పొడిరోడ్డు మీద, నెమ్మదిగా తొక్కినా కొట్టుకుంటే మాత్రం అనుమానించవలసిందే.

రెండో ప్రశ్న: వణుకు ఎక్కడ? స్టీరింగు చేతుల్లో వణికితే తప్పు ముందు చక్రాలలో వున్నదని ఎక్కువపాళ్లు నమ్మవచ్చు. స్టీరింగు నిలకడగా వుండి సీటూ నేలా వణికితే వెనక చక్రాలవైపు చూడాలి. చేతిబ్రేకు లీవరు వున్న బండిలో యింకొక పరీక్ష కద్దు. ముందూ వెనకా ఎవరూ లేని తిన్నని పొడిరోడ్డు మీద, పిల్లాజెల్లను ఎక్కించుకోకుండా, 40 కిలోమీటర్ల వేగంలో లీవరు చివర బొత్తాన్ని నొక్కిపట్టుకుని మెల్లగా, మెల్లగా పైకి లాగాలి. చేతిబ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీద గనుక అప్పుడు వణుకు వస్తే తప్పు వెనక వున్నట్లే. లీవరు బదులు బొత్తాం నొక్కే ఎలక్ట్రిక్ చేతిబ్రేకు వున్నవారు యీ పరీక్ష జోలికి పోవద్దు. తడిరోజున ఎవరూ పోవద్దు.

మూడో ప్రశ్న: వణుకు వేగంతోపాటు మారుతున్నదా? 80 కిలోమీటర్ల వేగంలో పెద్ద బండి చక్రం సెకనుకు సుమారు పదిసార్లు తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ వణుకు కూడా టకటకలనుంచి టక్కు టక్కుమని నెమ్మదిస్తే, చక్రంతో తిరిగే వస్తువేదో సమంగా లేదని తేలిపోయింది.

యింతవరకూ వచ్చాక అసలు కారణం చూద్దాం. డిస్కు వంగిపోయిందని అందరూ అంటారు. అప్పడంలాగా నిజంగా వంగిపోయే డిస్కు అరుదు. కారల్ స్మిత్ అనే అమెరికా పందెపుకార్ల ఇంజనీరు కూడా యీ మాట గట్టిగా చెప్పారు. ఎక్కువసార్లు జరిగేది వేరు: డిస్కు మందం చుట్టూ ఒకే తీరుగా వుండదు. ఒకచోట మందం, ఒకచోట పలచన. మందమైన చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా అవి వెనక్కు తోయబడతాయి. బ్రేకు పట్టు పెరుగుతుంది. పలచని చోట తగ్గుతుంది. యిది సెకనుకు పదిసార్లు జరిగితే వణుకే. యీ తేడా కంటికి కనిపించేది కాదు. మన తలవెంట్రుక మందంలో మూడోవంతో నాలుగోవంతో, అంటే మిల్లీమీటరులో నూటికి రెండు వంతులు తేడా వుంటే చాలు, చేతికి తెలిసిపోతుంది.

ఆ తేడా ఎట్లా వస్తుంది? మన వూళ్లో దీనికి దారులు ఎక్కువ.

గౌతమి వొడ్డున, సముద్రానికి దగ్గరగా వున్న వూరు మనది. ఉప్పుగాలి, తేమ యేడాది పొడుగునా వుంటాయి. డిస్కుమీద ప్యాడు రాసుకునే ముఖానికి రంగు వెయ్యడానికి వీలులేదు. అది పచ్చి యినుము. రాత్రి వాన కురిస్తే తెల్లవారేసరికి ఎర్రటి పొర కడుతుంది. దానికి కంగారుపడనక్కర్లేదు, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. కాని నెలల తరబడి కదలకుండా వున్న బండి సంగతి వేరు. అబ్బాయి పైదేశంలో, బండి యింటిముందు రేకులషెడ్డులో. మళ్లీ సంక్రాంతికే తాళంచెవి తిరిగేది. అన్నాళ్లూ ప్యాడు ఆనుకుని వున్నంతమేర తేమ పట్టి, దాని ఆకారం డిస్కుమీద ముద్రలాగా పడిపోతుంది. 2022 జూలై గోదావరి వరదలో నీళ్లు తగిలిన బళ్లకయితే క్యాలిపరు జరిగే పిన్నుల్లోకి కూడా బురద చేరి వుండవచ్చు. ఆ పిన్నులు బిగుసుకుంటే ఒక ప్యాడు డిస్కును వదలదు. ఆ చక్రం ఒక్కటే వేడెక్కుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.

రెండో దారి హబ్బు. డిస్కు కూర్చునే యినప ముఖం అది. పాత డిస్కు తీసి కొత్తది పెట్టేటప్పుడు హబ్బుమీది తుప్పు గీకకపోతే, ఆ తుప్పు పెళ్ల డిస్కుకింద పీటకింద రాయిలాగా వుండిపోతుంది. హబ్బు చిన్నది, డిస్కు దానికి దాదాపు రెట్టింపు వెడల్పు. కనుక హబ్బు అంచున వున్న వొంకర డిస్కు అంచుకు వచ్చేసరికి రెట్టింపవుతుంది.

మూడో దారి చక్రం బిగించే నట్లు. పంచరు షాపులో గాలిమిషనుతో గుర్రుమని ఒకదాని పక్కన ఒకటి వరసగా బిగిస్తారు. ఒకటి అతిగట్టి, ఒకటి వదులు. వాటిమధ్య డిస్కు కూడా నలిగి పక్కకు వాలుతుంది. నట్లను ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్లు, రెండు మూడు విడతలుగా బిగించి, చివరకు టార్కు రెంచితో సరిచూడాలి. ఎంత బిగువుండాలో బండితో యిచ్చిన పుస్తకంలో వుంటుంది; చాలా బళ్లకు 100 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య.

యీ రెండు దారుల్లో వచ్చే తప్పుకు ఒక మాయ వుంది. వాలిన డిస్కు మొదటిరోజున వణికించదు. బ్రేకు తొక్కకపోయినా, చక్రం తిరిగినప్పుడల్లా దాని వొంకర చోటు ప్యాడుకు రవ్వంత రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు అట్లా రాసుకుని రాసుకుని అక్కడ అరిగి పలచబడుతుంది. అప్పుడు వణుకు మొదలవుతుంది. అప్పటికి నెలలు గడిచిపోతాయి. చక్రం విప్పించిన రోజు మనకు గుర్తుండదు. నింద డిస్కుమీద పడుతుంది.

నాలుగో దారి మన కాలు. ఘాటురోడ్డు దిగి, కణకణమనే డిస్కులతో టోలుగేటు దగ్గర ఆగి, పెడలును అట్లాగే గట్టిగా తొక్కి వుంచితే, ప్యాడు పదార్థం ఆ ఒక్కచోట అంటుకుని అచ్చు పడుతుంది. అక్కడే మళ్లీ మళ్లీ వేడెక్కితే యినుము స్వభావమే మారి, సిమెంటైట్ అనే గట్టి మచ్చలు కడుతుంది. అవి యెమరీ కాగితానికి లొంగవు.

మా పాఠకురాలొకరి యింట జరిగిన సంగతి చెబుతాం. వర్షాలకు ముందు వారి బండికి టైర్లు మార్చారు. తరవాత బండి చాలా నెలలు యింటిపట్టున వుంది. సంక్రాంతికి అబ్బాయి వచ్చి కుటుంబంతో విశాఖపట్నం బయలుదేరితే, కత్తిపూడి దాటాక బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. తిరిగి వచ్చాక ఒక షెడ్డులో ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చారు. నాలుగు నెలలు హాయిగా వుంది. వేసవిలో మళ్లీ మొదలు. మళ్లీ డిస్కులు మార్చారు. దసరానాటికి మూడోసారి. అప్పటికి ఆవిడ అత్తగారు ఆ బండి ఎక్కనని తెగేసి చెప్పారు. అన్నవరం వెళ్లాలంటే బస్సులోనే వస్తానన్నారు. ఎనభై యేళ్ల మనిషిని బస్సులో పంపలేక, బండిలో కూర్చోబెట్టలేక ఆ యింట చాలా యిబ్బంది పడ్డారు.

చివరకు వేరే చోట ఒక ముసలి మేస్త్రీ చూశారు. ఆయన ముందుగా సామాను పేరెత్తలేదు. చక్రం విప్పకుండానే నట్లు ఒక్కొక్కటీ ఎంత బిగువున వున్నాయో చూశారు. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. చక్రం తీసి, డిస్కును నట్లతో బిగించి, డయల్ గేజి పెట్టి తిప్పితే ముల్లు 0.12 మిల్లీమీటరు వూగింది. చాలా బళ్లకు 0.05కు మించకూడదు. డిస్కు వూడదీస్తే హబ్బుమీద వేలిగోరంత తుప్పు పెళ్ల. రెండుసార్లు కొత్త డిస్కులు పెట్టినవారెవరూ దాన్ని గీకలేదన్న మాట! యినప బ్రష్షుతో మెరిసేదాకా శుభ్రంచేసి, అరిగిన డిస్కులకు పైపైన లేతుపట్టించి, తిరిగి కూర్చోబెడితే ముల్లు 0.03 దగ్గర ఆగింది. నట్లు టార్కు రెంచితో బిగించారు. కొత్త సామాను యేమీ పడలేదు. ఆ పెద్దావిడ కార్తీకమాసంలో అదే బండిలో అన్నవరం వెళ్లి వచ్చారు.

కనుక షెడ్డుకు వెళ్లినప్పుడు మనం అడగవలసినవి యివి. నట్ల బిగువు చూశారా? డిస్కు వొంకర డయల్ గేజితో కొలిచారా? మందాన్ని మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచారా? హబ్బు గీకి, దాన్ని కూడా కొలిచారా? క్యాలిపరు పిన్నులు చేత్తో తోస్తే జరుగుతున్నాయా? ముందు ఇరుసు బుష్షులు, బాలు జాయింట్లు వదులుగా వున్నాయా? యీ చివరిది ముఖ్యం. వదులుజాయింట్లు వణుకు పుట్టించకపోయినా, గోరంత వణుకును కొండంత చేసి చూపిస్తాయి. యీ మాటలు మర్యాదగా అడిగితే మంచి మేస్త్రీ సంతోషిస్తారు. కొలిచే పనిముట్టే లేదని జవాబు వస్తే, అక్కడ డిస్కులు కొనకుండా బయటికి రావడం మంచిది.

కొలత చూశాక మందు నిర్ణయించాలి. డిస్కుమీద కనీస మందం ఎంతో అంకె వేసి వుంటుంది. లేతుపట్టిన తరవాత కూడా దానికంటే మందంగా మిగిలేటట్లయితే లేతు చాలు. అంతకు తగ్గేటట్లయితే, పగుళ్లు వున్నా, గట్టి మచ్చలు లోతుగా వున్నా మార్చవలసిందే. అక్కడ బేరం కూడదు. మారిస్తే ఆ వరసలో కుడి ఎడమ రెండూ కలిపి మార్చాలి. కొత్త డిస్కుకు కొత్త ప్యాడ్లే వెయ్యాలి. తిప్పి చూస్తే యింకా కొద్దిగా వొంకర వుంటే, డిస్కును ఒక బోల్టు జరిపి కూర్చోబెడితే చాలాసార్లు సర్దుకుంటుంది. వెనక డ్రమ్ములయితే అవి గుండ్రంగా వున్నాయో, కోడిగుడ్డులా అయ్యాయో లోపలి కొలత తీసి చూడాలి.

కొత్త డిస్కులు వేసిన రోజున ఒక సంస్కారం వుంది. ఖాళీ రోడ్డుమీద 60 వేగంలోంచి 20 దాకా మామూలుగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవాలి. మధ్య మధ్య గాలి తగలనిస్తూ ఎనిమిది పది సార్లు అట్లా చెయ్యాలి. ప్యాడు పదార్థం డిస్కుకు అంతటా పలచగా, సమంగా పట్టుకుంటుంది. కొత్త పెనాన్ని మొదటి రోజున నూనె రాసి పదును చేసుకోవడం మన ఆడవారికి తెలుసు, యిదీ అటువంటిదే.

యింటిపట్టున చేసుకోగలిగినవి కొన్ని. నిలకడగా వున్న బండిని వారానికి ఒకసారైనా పదిహేను యిరవై నిమిషాలు నడిపించాలి. మన యెదుర్లంక వారధి దాటి వచ్చినా చాలు. బండి కడిగిన తరవాత షెడ్డులో పెట్టేముందు నాలుగుసార్లు బ్రేకు తొక్కి తడి ఆర్పాలి. కొండ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. దిగాక వేడిమీద డిస్కులకు నీళ్లు కొట్టించకూడదు. సమంగా వున్న నేలమీద ఆపితే, వేడి తగ్గేదాకా గేరులో వుంచి, చక్రానికి రాయి అడ్డుపెట్టి చేతిబ్రేకును వదిలి వుంచవచ్చు. వాలులో మాత్రం చేతిబ్రేకు తప్పదు. డిస్కుమీద నూనెగాని, టైర్లకు పూసే మెరుగుగాని పడనివ్వకూడదు. జాకీమీద నిలబెట్టిన బండికింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వణుకుతోపాటు బండి ఒక పక్కకు లాగినా, కరకరమని యినుము గీసుకున్న చప్పుడు వచ్చినా, కాలిన వాసన వేసినా, పెడలు మునుపటికంటే లోతుగా దిగినా, ఆ బండిని యింకొక వూరు నడిపించవద్దు. పెళ్లి ముహూర్తం వున్నా సరే. షెడ్డువారినే యింటికి పిలిపించండి. వట్టి వణుకుకు ఓపికపట్టి కారణం వెతకవచ్చు. యీ నాలుగు గుర్తులకు ఓపిక పనికిరాదు.

యీ మధ్య టైర్లు విప్పించిన వారుంటే, రేపే ఆ నట్ల బిగువు టార్కు రెంచితో సరిచూపించుకోవలసిందని మనవి. పెద్ద ఖర్చు తప్పించే చిన్న పని అది. వచ్చే నెల బ్రేకు ఆయిలు సంగతి ముచ్చటిస్తాం. గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానికి వుంది గనుక మనవంటి యేటివొడ్డు వూళ్లవారు తెలుసుకోవలసిన విషయాలు అందులో చాలా వున్నాయి.